వీపుకి కుట్టిన సంచి

పళ్లసెట్టు నీళ్లలో అంత వేగంగా పరిగెడుతుందని, ముప్పయ్యేళ్లుగా పళ్లసెట్లు చేస్తున్న జైనొల్లాకి కూడా ఆ రోజుదాకా తెలియదు. ఏప్రిల్ నెల పొద్దున. కొండల మీద మంచు కరిగి ఆల్మటీలో రోడ్డు పక్క కాలవలన్నీ నిండుగా పారుతున్నాయి. సైకిలు హ్యాండిల్‌కి తగిలించిన ప్లాస్టిక్ కవరు ముందు చక్రంలో చిక్కుకుంది. సైకిలు ఒకవైపు, జైనొల్లా ఒకవైపు, కవరు ఒకవైపు పడ్డాయి. కవర్లో ఉన్న రెండు సుద్ద అచ్చులు అక్కడికక్కడే ముక్కలయ్యాయి. రిటైరయిన ఒక లెక్కల మాస్టారి పైదవడ పళ్లు మాత్రం గులాబిరంగు చిగుళ్లతో సహా కాలవలోకి దూకి దిగువకి దారి పట్టాయి.

జైనొల్లా వాటి వెంట పడ్డాడు. ఒక వీధి దాటాడు, ఇంకో వీధి దాటాడు. "పట్టుకోండి! పళ్లు! పళ్లు!" అని అతను అరుస్తుంటే జనం ఎవరి పళ్లు వాళ్లు తడుముకున్నారే గాని ఒక్కరూ సాయానికి రాలేదు. చివరికి వీధులూడ్చే ఒకావిడ కాలవకి చీపురు అడ్డం పెట్టి ఆపింది.

"ఇవి మీవేనా?" అంది.

"నావి కావు, మాస్టారివి" అన్నాడు జైనొల్లా రొప్పుతూ.

"మరి మాస్టారేరీ?" అంటూ ఆవిడ ఎగువనుంచి ఇంకేమైనా కొట్టుకొస్తోందా అని కాలవ వంక చూసింది.

ఆ సాయంత్రం అతని భార్య బిబినూర్ మోకాలికి మందు రాస్తూ ఊరుకోలేదు. ఊరుకోవడం ఆవిడకి చేతకాని పని. "లోకంలో అందరూ సైకిలు దిగి కారెక్కుతుంటే, మా ఇంటిపెద్దగారు కారు దిగి సైకిలెక్కారు. సరే, రక్తపోటు తగ్గాలని డాక్టరు చెప్పాడు, ఎక్కారు. ఆ పళ్లు పట్టుకెళ్లడానికి ఒక సంచి కొనుక్కోమని డాక్టరు వేరే చీటీ రాయాలా?"

ఆ మాట జైనొల్లాకి నచ్చింది. వీపుకి తగిలించుకునే మంచి సంచి ఒకటి కొనాలి అని ఆ పూటే నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకోవడానికి ఒక పూట పట్టింది. కొనడానికి అయిదు నెలలు పట్టింది.

యాభై రెండేళ్లొచ్చినా జైనొల్లా తనకోసమంటూ కొనుక్కున్న వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈ ఒక్కటి మాత్రం మనసుకి నచ్చినట్టు ఉండాలని పట్టు పట్టాడు. పైగా పనివాడు. పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే నమిలేవాడికి ఎంత నరకమో తెలిసినవాడు. అలాంటివాడు సంచి కొనడానికి బయల్దేరితే దుకాణాలవాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది. అతను సంచిని చేత్తో పట్టుకుని చూసేవాడు కాదు. వీపుకి తగిలించుకుని, దుకాణం నడిమధ్యన వంగి, లేని హ్యాండిల్‌ని పట్టుకుని, ఉన్నచోటే కాళ్లాడించేవాడు. "నడుం పట్టేసిందా బాబాయ్? కుర్చీ తెమ్మంటారా?" అని ఒకచోట అమ్మకాల పిల్ల పరిగెత్తుకొచ్చింది.

ఒకటి వీపుకి అట్టలా అతుక్కుని చెమట పట్టించింది. సాయంత్రం ఇంటికి వెళ్లే దారంతా కొండ ఎక్కడమే కాబట్టి అది పనికిరాదు. ఒకటి తల వెనక్కి తిప్పితే మెడకి తగిలింది, వెనక వచ్చే బస్సు కనపడదు. ఒకటి చూడ్డానికి చాలా బాగుంది కాని, లోపల అచ్చుల డబ్బా పెడితే పక్కకి ఒరిగిపోయింది. ఇంకోదానికి జేబులు పద్దెనిమిది. ఏది ఎందులో పెట్టాడో వెతుక్కోవడానికే పనికి సెలవు పెట్టాలి. రోజూ పనికి పట్టుకెళ్లడానికి పనికిరావాలి, సెలవుల్లో ఊరికి వెళ్తే రెండు జతల బట్టలు పట్టాలి, వాన తట్టుకోవాలి, పెద్దమనుషుల మధ్య తగిలించుకున్నా పరువు పోకూడదు. ఇవీ అతని షరతులు.

బిబినూర్‌కి ఒకటే షరతు. "పెళ్లికెళ్తే వాళ్లు కట్టిచ్చే మూట అందులో పట్టాలి" అంది.

"ఇది పళ్ల కోసమే."

"పళ్లున్నది తినడానికే కదండీ. మా వదినగారింట్లో పదిమంది తినే గుర్రం మాంసం, గంపెడు బౌర్సాకు బూరెలు మూటగట్టి చేతిలో పెడతారు. మా ఆయన సంచిలో చోటు లేదండీ, దాన్నిండా ఊళ్లోవాళ్ల దవడలున్నాయండీ అని చెప్పమంటారా?"

ఏప్రిల్ పోయింది, వేసవి పోయింది. జైనొల్లా ప్లాస్టిక్ కవరుని కడుపుకి కట్టుకుని సైకిలు తొక్కుతున్నాడు. చివరికి ఎవరో చెబితే జోయా పెత్రోవ్నా అనే ముసలావిడ దగ్గరికి వెళ్లాడు. కొండలెక్కేవాళ్లకి నలభై ఏళ్లు సంచులు కుట్టిన మనిషి. ఆవిడ అతన్ని వాకిట్లో సైకిలెక్కించి, గుండ్రంగా తొక్కమని, వెనకాలే నడుస్తూ చొక్కా మీద సుద్దతో గీతలు గీసింది.

"నీ ఎడం భుజం ఒక వేలు కిందికుంది. పనివల్లా, పుట్టుకా?"

"పుట్టుకేనండీ. మా అమ్మకీ అంతే, మా అక్కకీ అంతే."

"అందుకే ఏ సంచీ నీకు నప్పలేదు. నువ్వు దుకాణాలవాళ్ల మీద పడి ఏడ్చావు." ఎడం పట్టీ ఒక వేలు పొట్టిగా పెట్టి కుట్టింది. లోపల దవడల డబ్బాకి కదలకుండా ఒక గూడు, దాని మీద విడిగా బట్టల అర, విప్పితే పెద్దదయ్యే పైమూత, వీపుకీ సంచికీ మధ్య గాలి ఆడడానికి వల. రంగు ముదురు ఆకుపచ్చ. "ఇదే నా చేతి ఆఖరి సంచి. కళ్లు కనపడ్డంలేదు. మిషను అమ్మేసి కూతురి దగ్గరికి పోతున్నాను" అంది.

జైనొల్లా ఆ సంచి తగిలించుకుని కొండదారిన ఇంటికి తొక్కాడు. వీపు తడవలేదు. భుజం లాగలేదు. ఇంటికెళ్లాక అద్దం ముందు పక్కకి తిరిగి, ఇంకో పక్కకి తిరిగి, పెళ్లికొడుకు పోజులన్నీ పెట్టాడు. అన్నం కూడా దాంతోనే తిన్నాడని బిబినూర్ తర్వాత నలుగురికీ చెప్పింది గాని, అది కొంచెం కల్పించి చెప్పిన మాట.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని కొత్త వస్తువు కొన్నవాడు నలుగురికీ చూపించాలి, చూసినవాళ్లు బైగాజి అని ఏదో ఒకటి చేతిలో పెట్టి దీవించాలి. అది ఆనవాయితీ. అయిదు నెలల తపస్సు ఫలించిన జైనొల్లాకి ఆ దీవెనల మీద మహా ఆశ పుట్టింది. "ఫొటో తీసి ఫోన్లో మన చుట్టాలందరికీ పెట్టు" అన్నాడు భార్యతో. గుమ్మంలో వీపు తిప్పి, మెడ మాత్రం ఇటు తిప్పి నిలబడ్డాడు. రెండురోజుల్లో బైగాజి కింద పెద్దత్తయ్య ఎండు పెరుగు ఉండలు పంపింది, తోడల్లుడు ఉన్ని మేజోళ్లు పంపాడు. మూడోరోజు ఒక చిన్న సందేశం వచ్చింది.

"సంచి చాలా బాగుంది మావయ్యా. ఆదివారం వస్తున్నాను. మర్జాన్."

జైనొల్లా గుండెల్లో రాయి పడింది.

మర్జాన్ అతని మేనకోడలు, అక్క కులాష్ ఒక్కగానొక్క కూతురు. మేనమామ ఇంట్లో అక్కచెల్లెళ్ల పిల్లలకి మూడు కోరికల హక్కు ఉంటుంది. ఏది అడిగినా సరే, కాదనడానికి వీల్లేదు. గుర్రమైనా అంతే, గొడుగైనా అంతే. కాదన్న మేనమామకి చెయ్యి వణుకుతుందంటారు. ఈ కాలంలో చాలామంది ఆ మాటకి నవ్వేస్తారు గాని, రోజంతా పళ్లని నునుపు చేసుకుని బతికేవాడికి చెయ్యి వణకడమంటే నవ్వులాట కాదు. ఇంకో సంగతేమిటంటే, మేనమామ తనంతట తాను ఇచ్చింది ఈ లెక్కలోకి రాదు. నోరు తెరిచి అడిగి తీసుకోవాలి. మూడూ అయ్యాయా, ఇక చెల్లు.

ఆడపిల్లకి ఈ హక్కు వర్తిస్తుందా లేదా అని ఇంట్లో ముసలివాళ్లు గడ్డాలు నిమురుకుంటూ ఉండగానే, మర్జాన్ ఏడేళ్లప్పుడు మొదటిది తీసేసుకుంది. గొర్రె మడమ ఎముకలతో ఆడే ఆటలో జైనొల్లా చిన్నప్పట్నుంచీ ఎవరికీ ముట్టనివ్వని, సీసం పోసిన ఎర్ర ఎముక. పద్దెనిమిదేళ్లప్పుడు రెండోది. అతను కొత్తగా కొన్న తోలుకోటు, కొన్నరోజే. రెండుసార్లూ జైనొల్లా లబోదిబోమన్నాడు, రెండుసార్లూ అక్క కులాష్ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంకా ఒకటుంది తమ్ముడూ, మంచి వస్తువులేవీ కొనకు" అనేది ఎప్పుడు కనపడినా.

కులాష్ పోయి రెండేళ్లయింది. ఆ తర్వాత మర్జాన్ నలభయ్యోనాటి భోజనానికి వచ్చింది, సంవత్సరీకానికి వచ్చింది. అంతే. ఫోను చేసినా బాగున్నారా, బాగున్నాను అని రెండు ముక్కలు. మూడో కోరిక అలాగే ఉండిపోయింది.

"రానీ, పాపం. ఇన్నాళ్లకి వస్తోంది" అంది బిబినూర్.

"రాకూడదని ఎవరన్నారు? ఈ సంచి ఫొటో చూశాకే ఎందుకు వస్తోందీ అని."

"అక్క కూతురి కంటే సంచి ఎక్కువైందా మీకు?"

"ఛ, ఛ" అన్నాడు జైనొల్లా. నిజం చెప్పాలంటే ఆ వారం అతనికి సంచే ఎక్కువైంది. మర్జాన్ మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ పాతది, ఎక్కడికీ పోదులే అని ఒక ధీమా. సంచి కొత్తది, పైగా ఇంకోటి దొరకదు.

ఆదివారం పొద్దున సంచిని ఎక్కడ దాచాలో తెలియక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. మంచం కింద పెడితే కనపడుతుంది. వరండాలో ఉల్లిపాయల మధ్య పెడితే వాసన పడుతుంది. గంట మోగేసరికి ఇక దారిలేక బట్టలుతికే మిషన్లో కుక్కి తలుపు వేశాడు.

మర్జాన్ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, తల్లి నవ్వు, తల్లి నడక. భుజాన ఒక పాత సంచి. దాని జిప్పు పాడైపోయి తాడుతో కట్టుంది. కూర్చుంటూనే సంగతి చెప్పింది. అక్తౌలో ఉద్యోగం వచ్చింది, సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే చోట. ఇవాళే బండి, సాయంత్రం ఆరింటికి.

"అక్తౌ అంటే దేశానికి అటు చివర కదే!" అంది బిబినూర్ చాయ్ గిన్నె చేతిలో పట్టుకుని.

"రెండు రోజులకి పైనే ప్రయాణం అత్తయ్యా. కాని ఊరంతా చదునట. నేను కూడా మావయ్యలా సైకిలు కొనుక్కుని పనికి వెళ్దామనుకుంటున్నాను."

సైకిలు అనగానే జైనొల్లా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. సైకిలు కొనుక్కునేవాళ్లకి తర్వాత ఏం కావాలో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? "సైకిలు మంచిదే. అక్కడ గాలి ఎక్కువ. సైకిలు వద్దు" అన్నాడు ఒక్క ఊపిరిలో.

మర్జాన్ నవ్వి చేతులు కడుక్కోవడానికి లేచింది. స్నానాలగదిలోంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. తర్వాత గొంతు వినపడింది. "మావయ్యా, మీ కొత్త సంచి తలంటు పోసుకుంటోందా?"

మిషను తలుపుకి గుండ్రటి అద్దం ఉంటుందన్న సంగతి జైనొల్లాకి అప్పుడు గుర్తొచ్చింది.

"అదా... దుమ్ము పడిందనీ..."

"వారం తిరక్కుండానే?"

"ఊళ్లో దుమ్ము ఎక్కువ కదమ్మా" అంది బిబినూర్, మొహం చాయ్ కప్పులో దాచుకుని.

మర్జాన్ సంచిని బయటికి తీసింది. వల చూసింది, గూడు చూసింది, మూత విప్పి చూసింది. "తగిలించుకుని చూడనా?"

"నీకు సరిపోదు. అది నా కొలతకి కుట్టింది. నా భుజానికి. ఎడంవైపు పట్టీ..." అని జైనొల్లా చెబుతూనే ఉన్నాడు. మర్జాన్ తగిలించుకుంది. సంచి ఆ పిల్ల వీపు మీద చక్కగా కూర్చుంది. ఎక్కడా ఒక ముడత లేదు. పొట్టి పట్టీ పల్లంగా ఉన్న ఎడం భుజం మీద సరిగ్గా అమిరింది.

ఆ భుజం ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

జైనొల్లా ఊపిరి బిగబట్టుకున్నాడు. ఇప్పుడు అడుగుతుంది. ఇదిగో, నోరు తెరుస్తోంది.

"చాలా బాగుంది మావయ్యా. మీకు బాగా అచ్చిరావాలి" అని మర్జాన్ సంచి తీసి, తన చేత్తోనే అతని భుజాలకి తగిలించింది. తర్వాత తన తాడు సంచి విప్పి చిన్న ఎర్ర దీపం తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నా బైగాజి. సైకిలు వెనక పెట్టుకోండి. వెనకొచ్చే బండ్లవాళ్లకి మా మావయ్య కనపడాలి కదా."

అంతే. అడగలేదు. కబుర్లు చెప్పింది, రెండుసార్లు వడ్డించుకుని తింది, అమ్మ ఫొటో దగ్గర కాసేపు నిలబడింది. నాలుగున్నరకి లేచి, స్టేషనుదాకా ఎవరూ రావద్దంది, కారు పిలిపించుకుంది. గుమ్మంలో అత్తని కావిలించుకుంది, మావయ్యని కావిలించుకుంది. లిఫ్టు తలుపు మూసుకుంది.

జైనొల్లా సోఫాలో కూలబడి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "హమ్మయ్య!"

"ఏమిటి హమ్మయ్య?" అంది బిబినూర్.

"అడగలేదు చూశావా? మంచిపిల్ల."

బిబినూర్ బల్ల మీది గిన్నెలు తీయడం ఆపి అతని వంక చూసింది. ఎప్పుడూ లేంది, గొంతు తగ్గించి మాట్లాడింది. "పరాయివాళ్లండీ అడగనిది. పరాయివాళ్లు చూస్తారు, బాగుందంటారు, వాళ్లే ఏదో మన చేతిలో పెట్టి వెళ్తారు. అది చేసింది అదే కదా? చిన్నప్పుడు మీ కోటు తొడుక్కుని మెట్ల మీంచి పారిపోయిన పిల్ల అది. మీరు సంచిని మిషన్లో దాచారు. అద్దంలోంచి అది చూసింది సంచిని కాదు."

జైనొల్లా చేతిలో ఉన్న ఎర్ర దీపం కొంచెం కదులుతోంది. పట్టి చూసుకున్నాడు. నిజంగానే చెయ్యి వణుకుతోంది. భయం వేసింది, పళ్ల పని గురించి కాదు. కులాష్ ఉండి ఉంటే ఇవాళ నవ్వేది కాదు. ఆ ఆలోచన వచ్చాక సోఫాలో కూర్చోలేకపోయాడు.

"బండి ఎన్నింటికంది?"

"ఆరింటికి. కారులో వెళ్లలేరు, ఆదివారం దిగువకి వెళ్లే రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి."

"కారెవడిక్కావాలి?" అని సంచి తగిలించుకున్నాడు.

"ఆగండి! ఖాళీ సంచి ఇస్తారా ఎవరైనా?" బిబినూర్ వంటింట్లోకి పరిగెత్తింది. మిగిలిన మాంసం, బౌర్సాకులు, పెద్దత్తయ్య పంపిన ఎండు పెరుగు ఉండలు, నాలుగు పెద్ద ఆపిల్ పళ్లు. పైమూత విప్పితే అన్నీ పట్టాయి. "చెప్పానా, పట్టాలని!" అని వీపు మీద ఒక్క చరుపు చరిచి పంపింది.

ఇంటినుంచి స్టేషను దాకా దారంతా దిగువకే. జైనొల్లా జన్మలో అంత వేగంగా సైకిలు తొక్కలేదు. కార్లు బారులు తీరి హారన్లు కొడుతుంటే పక్కనుంచి జారుకుంటూ పోయాడు. సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా గడియారం చూసుకున్నాడు. వీపు మీద అంత బరువున్నా సంచి అటూ ఇటూ ఊగలేదు, భుజం లాగలేదు, మలుపుల్లో అతనితోపాటే వంగింది. ఎంత మంచి సంచో ఆ రోజే పూర్తిగా తెలిసింది. తెలిసినకొద్దీ మనసు పీకింది. పీకినా కాళ్లు ఆపలేదు.

ప్లాట్‌ఫారం మీదికి సైకిలుతో సహా వచ్చేశాడు. ఎవరో అరిచారు, వినిపించుకోలేదు. ఆరో పెట్టె ముందు మర్జాన్ నిలబడి ఉంది. పక్కన టిక్కెట్లు చూసే పెట్టె ఆవిడ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"మావయ్యా! ఏమయింది?"

"అడుగు" అన్నాడు జైనొల్లా రొప్పుతూ.

"ఏమడగాలి?"

"వీపు మీద ఉన్నది. అడుగు."

మర్జాన్ మొహం ఎర్రబడింది. "వద్దు మావయ్యా. మీకెంత ఇష్టమో చూశాను కదా. అయినా ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇచ్చెయ్యండి, తీసుకుంటాను. అడగను."

"ఊరికే ఇవ్వను. ఊరికే ఇస్తే అది దానం. దారినపోయేవాడికైనా ఇస్తాను. నోరు తెరిచి లాక్కుంటేనే నువ్వు మా కులాష్ కూతురివి. దాచాను, తప్పే, బుద్ధి గడ్డి తింది. తిట్టు. తిట్టి, అడుగు."

"మీరు దాచారని కాదు."

"మరి?"

మర్జాన్ తల వంచుకుంది. "అమ్మ ఉన్నప్పుడు మీ ఇంటికి రావడానికి వంక అక్కర్లేదు. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ ఒక్కటే. ఇంకా ఒకటి అడగాల్సింది ఉంది, మావయ్య ఇంట్లో నాది ఇంకా ఒకటుంది అని. అదీ అడిగేస్తే అయిపోయినట్టే కదా. ఇంకేం పెట్టుకుని వస్తాను? అందుకే దాచుకున్నాను. మీరు సంచి దాచుకున్నారు, నేను అది దాచుకున్నాను."

జైనొల్లాకి కళ్లు మసకబారాయి. ఈ పిల్ల ఇంటికి ఎందుకు రావడంలేదని అతను ఒక్కసారైనా ఫోను చేసి అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఇప్పుడు ఆ మాట పైకి చెప్పడం అతనికి చేతకాలేదు. అందుకని తనకి వచ్చిన పనే చేశాడు, పేచీకి దిగాడు.

"అసలు నువ్విప్పటిదాకా ఏం తీసుకున్నావని?"

"ఎర్ర ఎముక."

"అది మర్నాడే బళ్లో పారేసుకున్నావు. పోయినదానికి లెక్కేమిటి? చెల్లదు."

"కోటు?"

"ఆ కోటుకి అప్పటికే చిమ్మట కొట్టింది. చంకలో చిల్లు. తెలిసే నోరు మూసుకున్నాను."

"కొన్నరోజే కదా తీసుకున్నాను!"

"దుకాణంవాడే మోసం చేశాడు. చిల్లుకోటు మేనకోడలి హక్కు కిందికి ఎలా వస్తుంది? ఎక్కడైనా విన్నావా?"

"ఎనిమిది చలికాలాలు తొడుక్కున్నాను మావయ్యా, ఎక్కడా చిల్లు లేదు."

"అందుకే నీకెప్పుడూ జలుబు" అన్నాడు జైనొల్లా. ఇంత పచ్చి అబద్ధం అతను జన్మలో ఆడి ఎరగడు.

పెట్టె ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది. "అమ్మాయ్, నాకు ముగ్గురు ఆడపడుచు పిల్లలున్నారు. ఇల్లు ఊడ్చి పట్టుకుపోయారు, చివరికి తలుపు గొళ్లెంతో సహా. ఒక్కడూ మూడు దగ్గర ఆగలేదు. ఈయన చెప్పింది న్యాయంగానే ఉంది. తీసుకుంటే తీసుకో, లేకపోతే ఎక్కు. నేను తలుపు వేసుకోవాలి."

మర్జాన్ ఏడుస్తూనే నవ్వింది. అచ్చం కులాష్ నవ్వు. చెయ్యి చాపింది. గొంతు సవరించుకుని, ఏడేళ్లప్పుడు ఎలా అడిగిందో అలాగే, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "మావయ్యా. ఆ సంచి. నాకు కావాలి."

"అయ్యో! నా సంచి! అయిదు నెలలు వెతికానే! దోచేసింది, దోచేసింది!" అని జైనొల్లా ప్లాట్‌ఫారం అదిరిపోయేలా లబోదిబోమన్నాడు. అందులో సగం నిజమే. ఛాతీ దగ్గర కొక్కెం విప్పుతుంటే చెయ్యి వణకలేదు. బండి కదిలింది. పెట్టె ఆవిడ మర్జాన్‌ని రెక్క పట్టుకుని పైకి లాగింది.

మర్జాన్ ఆవిడ భుజం మీంచి తల బయటికి పెట్టి చెయ్యి ఊపింది. వీపున ఆకుపచ్చ సంచి ఉంది.

"మావయ్యా! అయితే ఇది మొదటిదే కదా! ఇంకా రెండున్నాయి! ఆ సైకిలు జాగ్రత్తగా చూసుకోండి!"

జైనొల్లా సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. దాన్ని పక్కన నడిపిస్తూ, ఖాళీ వీపుతో, ప్లాట్‌ఫారం చివరిదాకా బండి వెంట పరిగెత్తాడు.

"వచ్చి తీసుకెళ్లవే! ఇంటికొచ్చి తీసుకెళ్లు!"